విండోస్ కంప్యూటరుపై పెర్ల్ భాష: తెలుగు పదసూచికా నిర్మాణమున ఎదురగు చిక్కులు

కావ్యపరిశోధన యందు పదసూచిక వహించు స్థానము ప్రాచ్యవిద్యాభ్యాసకులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. ఒక కవి ఏ పదమును ఎన్ని తావుల ప్రయోగించెనో, ఏ రూపమును వర్జించెనో తెలియనిదే అతని శైలిని గూర్చి పలుకు మాట అభిప్రాయముగనే మిగులును గాని నిరూపణము కానేరదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన ‘నన్నయ పదప్రయోగకోశము’ ఈ విషయమున మనకు మార్గదర్శకము. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంధ్ర మహాభారతమునకు సంశోధిత ముద్రణము వెలువరించినది. అదే ప్రాంగణమున భాషాశాస్త్రాచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ‘మాండలిక వృత్తిపదకోశము’ తొలి సంపుటము వ్యవసాయ పదములతో 1962లో వెలువడినది. పదసేకరణమునందు ఈ ప్రాంగణమునకు గల వారసత్వము ఇట్టిది. ఆ తరమున ఇట్టి కార్యములు చీటీలపై వ్రాసి, అకారాదిగా అమర్చి, చేతితో లెక్కించి సాధించినవి. చీటీ తప్పిపోయిన యెడల కంటికి లోటు కనబడెడిది.

నేటి పరిశోధకుడు చీటీలకు బదులు కంప్యూటరును ఆశ్రయించుచున్నాడు. అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ నన్నయ రచన ఆగి ఎఱ్ఱన రచన ఆరంభమగుట ప్రసిద్ధము. ఆ సంధిస్థలమునకు ఇరువైపుల గల పదప్రయోగములను పోల్చి ఒక సిద్ధాంతము ప్రతిపాదింపదలచిన విద్యార్థి రెండు భాగములను టైపు చేయించి, పదములను లెక్కింపజేయును. ఆ లెక్క తప్పైనచో సిద్ధాంతమే తప్పును. యంత్రము లెక్కించినదన్న భరోసాతో పరీక్షకులు సైతము దానిని తిరిగి లెక్కింపరు. కావున ఈ వ్యాసమున, విండోస్ కంప్యూటరుపై పెర్ల్ భాషతో ఇట్టి పని చేయువారికి తరచుగా ఎదురగు చిక్కులను, వాని కారణములను, పరిష్కారములను వివరింపదలచితిని. అరచి ఆగిపోవు తప్పులకంటె, ఏమియు పలుకక పని ముగించి తప్పు ఫలితమును చేతికిచ్చు తప్పులే మనకు ప్రమాదకరములు. వానికే ఇందు ఎక్కువ తావు ఇచ్చితిని.

పెర్ల్ భాషను 1987 డిసెంబరులో లారీ వాల్ లోకమునకు అందించెను. ఆయన భాషాశాస్త్రము చదివినవాడు. వ్రాతలేని భాషలకు లిపి కూర్చు పనికి పోదలచినవాడు. ఆ చదువు వృథా పోలేదు. పాఠమును చీల్చుట, వెదకుట, మార్చుట అను పనులకు ఈ భాష ఎంతో అనువైనది. 1994లో వెలువడిన ఐదవ రూపమే ఇప్పటికిని వాడుకలో నున్నది. తెలుగు మొదలగు లిపులను నమ్మదగిన రీతిని గ్రహించు శక్తి 2002లో వచ్చిన 5.8 సంచికతో స్థిరపడినది. అయితే ఇది యూనిక్సు ఇంట పుట్టిన భాష. నగరపు ఆ చివర గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన శాఖయందు ఆచార్య అంబా కులకర్ణిగారి ఆధ్వర్యవమున రూపొందిన ‘సంసాధనీ’ యందును పెర్ల్ ప్రోగ్రాములు కలవు. కాని వాని నివాసము లినక్సు. తార్నాక చుట్టుపట్ల టైపు దుకాణములలోను, వసతిగృహముల గదులలోను సామాన్యముగా కనబడునది విండోస్. పుట్టినింటి అలవాట్లు మెట్టినింట చెల్లకపోవుటయే మన చిక్కులలో సగమునకు మూలము.

విండోస్‌లో పెర్ల్ ముందుగా ఉండదు, తెచ్చి పెట్టుకొనవలయును. స్ట్రాబెర్రీ పెర్ల్, యాక్టివ్‌పెర్ల్ అనునవి రెండు ప్రసిద్ధ రూపములు. ప్రయోగశాలలోని కంప్యూటరుపై క్రొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించు అధికారము విద్యార్థికి సాధారణముగా ఉండదు. అట్టివారికి స్ట్రాబెర్రీ పెర్ల్ యొక్క పోర్టబుల్ రూపము కలదు. దానిని పెన్‌డ్రైవులో విప్పి ఉంచుకొని ఎచ్చటనైనను నడుపవచ్చును.

ఆరంభమున ఎదురగు అడ్డంకులు చిన్నవి; అవి తమంతట తామే బయటపడును. ‘పెర్ల్’ అను ఆజ్ఞను గుర్తింపలేదని కమాండ్ ప్రాంప్ట్ పలికినచో, పెర్ల్ ఉన్న ఫోల్డరు పేరు ‘పాత్’ అను పట్టికలో చేరలేదని అర్థము. ప్రోగ్రాము ఫైలును రెండుమార్లు నొక్కగా నల్లని కిటికీ ఒకటి మెరసి మాయమైనచో అది తప్పు కాదు. పని ముగియగానే కిటికీ మూసికొన్నది, అంతే. కమాండ్ ప్రాంప్ట్ తెరచి అందుండి నడిపించినచో సందేశములు నిలిచియుండును. నోట్‌ప్యాడ్‌లో వ్రాసిన ప్రోగ్రామునకు ‘పిఎల్’ అను కొస పెట్టినను, దాని వెనుక ‘టిఎక్స్‌టి’ అను రెండవ కొస దాగియుండవచ్చును. విండోస్ కొసలను మరుగుపరచు అలవాటు కలది కావున మొదట ఆ అలవాటును మాన్పవలయును. పుస్తకములలో ఒంటి ఉల్లేఖన చిహ్నముల మధ్య ఇచ్చు ఏకపంక్తి ప్రోగ్రాములు ఇచ్చట నడువవు. వెలుపల జంట చిహ్నములే ఉంచవలయును. నక్షత్రపు గుర్తుతో ఫైళ్లన్నిటిని ఒక్కమారుగా పిలుచుట యూనిక్సున షెల్ చేయు సేవ. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ ఆ సేవ చేయదు. కనుక ప్రోగ్రాము లోపలనే ‘గ్లాబ్’ అను క్రియను వాడి ఫైళ్ల పేర్లను రాబట్టుకొనవలయును.

ఫైలు ఉన్న తావును తెలుపుటలో మరియొక చిక్కు కలదు. విండోస్ ఫోల్డర్ల నడుమ వెనుకకు వాలిన గీతను, అనగా బ్యాక్‌స్లాష్‌ను వాడును. పెర్ల్ భాషలో జంట ఉల్లేఖన చిహ్నముల మధ్య ఆ గీతకు వేరు అర్థము కలదు. ‘తెలుగు’ అను ఫోల్డరు లోపల ‘నన్నయ’ అను ఫైలు ఉన్నదనుకొందము. ఆ పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాసినపుడు గీత వెంట వచ్చు ‘టి’ టాబ్ ఖాళీగా మారును. గీత వెంట వచ్చు ‘ఎన్’ క్రొత్త పంక్తిగా మారును. తెలుగును గాని నన్నయను గాని పెర్ల్ కనుగొనలేదు! పరిష్కారము సులభము. ముందుకు వాలిన గీతనే వాడిన చాలును. విండోస్‌పై గూడ పెర్ల్ దానిని అంగీకరించును.

ఇచ్చటనే మొదటి మౌనదోషము పొంచియున్నది. ఫైలు దొరకకున్నను ‘ఓపెన్’ అను క్రియ తనంతట తాను ప్రోగ్రామును ఆపదు. విఫలమైనట్లు లోలోపల గుర్తు పెట్టుకొని ముందునకు సాగును. పది ఆశ్వాసములను పది ఫైళ్లుగా ఉంచిన విద్యార్థి ప్రోగ్రామున ఒక ఫైలు తెరవబడకున్నచో తొమ్మిది ఆశ్వాసములకే పదసూచిక సిద్ధమగును. చూపునకు అది సంపూర్ణముగనే ఉండును. కనుక ప్రతి ‘ఓపెన్’ వెంటను ‘ఆర్ డై’ అను మాటను చేర్చి, విఫలమైనపుడు కారణము చెప్పి ఆగునట్లు చేయవలయును. లేదా ప్రోగ్రాము ఆరంభముననే ‘ఆటోడై’ అను మాడ్యూలును పిలువవలయును. ‘స్ట్రిక్ట్’, ‘వార్నింగ్స్’ అను రెండింటిని ఎన్నడును విడువరాదు. హెచ్చరికలు విసుగు పుట్టించునని వానిని ఆపివైచు అలవాటు కొందరిలో కలదు. అది నాడి చూచు వైద్యుని గుమ్మము వెలుపల నిలుపుట వంటిది.

ఇక అసలు విషయమునకు వత్తము. మనకు అక్షరము, కంప్యూటరునకు బైటు. ఈ రెంటి నడుమ నున్న అగాధమే తెలుగు పాఠములతో పనిచేయువారి చిక్కులలో పెద్దది. ‘శ్రీ’ అనునది ఛందస్సున ఒకే అక్షరము. యూనికోడున దానికి నాలుగు సంకేతములు: శకారము, పొల్లు, రేఫము, ఈత్వము. యుటిఎఫ్ 8 అను పద్ధతిలో ఫైలున వ్రాసినపుడు ఒక్కొక్క సంకేతమునకు మూడేసి చొప్పున పండ్రెండు బైట్లు. ‘శ్రీ’ పొడవెంతయని పెర్ల్‌ను అడిగినచో, మనము చెప్పిన తీరును బట్టి పండ్రెండనియో నాలుగనియో పలుకును. ఒకటి అని తనంతట తాను పలుకదు.

పండ్రెండని పలికినచో పెర్ల్ తెలుగును తెలుగుగా ఎఱుగదని గ్రహింపవలయును. అట్టి స్థితిలో ‘పదమునకు చెందిన వర్ణము’ అను గుర్తుతో వెదకినచో తెలుగు పదమొక్కటియు దొరకదు. పద్యసంఖ్యలు మాత్రమే దొరకును. ఖాళీల వద్ద చీల్చినచో పదములు సరిగనే వచ్చినట్లు తోచును. ఈ రెండవ స్థితి మోసకరమైనది. ఏలయన పని సాగుచున్నట్లే ఉండి, అక్షరములను ఎంచునపుడో, వానిని ఒక్కొక్కటిగా పరీక్షించునపుడో వికటించును. పరిష్కారమునకు మూడు ద్వారములను చూచుకొనవలయును. ప్రోగ్రాము లోపల తెలుగు అక్షరములు వ్రాసినచో దానిని యుటిఎఫ్ 8గా భద్రపరచి ‘యూజ్ యుటిఎఫ్ 8’ అని ప్రకటింపవలయును. చదువు ఫైలును తెరచునపుడు దాని సంకేతపద్ధతిని చెప్పవలయును. వ్రాయు ఫైలునకు, తెరకు గూడ అట్లే చెప్పవలయును. మూడవదానిని మరచినపుడు ‘వైడ్ క్యారెక్టర్’ అను హెచ్చరిక కనబడును. పెర్ల్ మనకు చేయు ఉపకారములలో అది ఒకటి.

పాఠము చేతికి వచ్చు రూపములు పలువిధములు. తార్నాక, విద్యానగరు ప్రాంతముల టైపు దుకాణములలో పూర్వము ముద్రణకై సిద్ధపరచిన ఫైళ్లు పలుమార్లు అను స్క్రిప్ట్, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్ల ఫాంట్లలో నుండును. వానియందు నిజమునకు తెలుగు అక్షరములు లేవు. ఆంగ్లాది వర్ణముల సంకేతసంఖ్యలకు తెలుగు తలకట్టుల, గుడుల, వత్తుల బొమ్మలు తొడిగిన వేషములవి. ఫాంటు లేని కంప్యూటరున వేషము జారిపోవును. వానిని యూనికోడునకు మార్చుటకు బొమ్మకు ఎదురుగా అక్షరమును చూపు పట్టిక కావలయును. ఆ పట్టికను అనువర్తింపజేయునపుడు పొడవైన గుంపులను ముందు, పొట్టివానిని పిమ్మట మార్చవలయునను నియమము మరువరానిది. ఏకసంకేతమును ముందే మార్చివేసినచో, అది భాగముగా గల జంటసంకేతము విరిగి రెండు తప్పుడు అక్షరములగును.

యూనికోడులోనికి వచ్చిన పిమ్మటను ఉపద్రవము తీరదు. విండోస్ నోట్‌ప్యాడ్ 2019కి పూర్వపు రూపములలో భద్రపరచుటకు నాలుగు మార్గములు చూపెడిది. ‘ఆన్సీ’ అనునది ఎన్నుకొన్నచో తెలుగంతయు ప్రశ్నార్థకములగును. అది తిరిగి రానిది. ‘యూనికోడ్’ అను పేరున చూపునది నిజమునకు యుటిఎఫ్ 16 అను పద్ధతి. పేరు చూచి మనవారిలో పలువురు దానినే ఎన్నుకొనిరి. ఈ పద్ధతిలో సామాన్యాక్షరములకు రెండేసి బైట్లు. తెలుగు సంకేతసంఖ్యలు 3072 నుండి 3199 వరకు గలవు. ఊకారము సంఖ్య 3082. దానిని రెండు బైట్లుగా విడదీసినచో 10, 12 వచ్చును. ఆ 10 అను బైటే కంప్యూటరు దృష్టిలో పంక్తి ముగింపు! విండోస్‌పై పెర్ల్, పాఠ్యముగా వ్రాయు ప్రతి ఫైలున, 10కి ముందు 13ను చేర్చును. ఇది విండోస్ ఆచారము. కనుక ‘ఊరు’, ‘ఊహ’, ‘ఊర్పు’ వచ్చిన చోటనెల్ల ఒక బైటు అదనముగా చొరబడి, ఆపైన అక్షరములన్నియు ఒక బైటు ప్రక్కకు జరిగి, ఏ దేశపు లిపియో తెలియని గుర్తులుగా మారును. నిజమైన పంక్తి ముగింపులవద్దను ఇదే జరుగును గావున, పంక్తి మార్చి పంక్తి చెడియుండుట ఈ వ్యాధి లక్షణము. ఒక పంక్తి శుభ్రముగా, మరుపంక్తి వికృతముగా కనబడినచో వేరు నిదానము అక్కరలేదు.

చకారమునకు మరియొక గండము కలదు. దాని సంఖ్య 3098; మొదటి బైటు 26. ప్రాచీన డాస్ ఆచారమున 26 అనగా ఫైలు సమాప్తము. పాఠ్యరీతిని తెరచిన ఫైలున ఈ బైటు కనబడినచో మైక్రోసాఫ్ట్ వ్యవస్థలు అచ్చటనే ఫైలు ముగిసినదని తలచునని పెర్ల్ సూచనగ్రంథములు ‘బిన్‌మోడ్’ అను క్రియను వివరించుచు హెచ్చరించుచున్నవి. యుటిఎఫ్ 16 ఫైలును చదువవలసియే వచ్చినచో, తెరచునపుడు ‘రా’ అను పొరను మొదట చెప్పి, పిదప సంకేతపద్ధతిని, చివర పంక్తిముగింపు మార్పును చెప్పవలయును. ఈ వరుస తలక్రిందులు కారాదు. అంతకంటె మేలైనది, పాఠములన్నిటిని మొదటనే యుటిఎఫ్ 8లోనికి మార్చుకొని, ఆపై ఆ పద్ధతి తప్ప వేరొకటి ముట్టకుండుట. యుటిఎఫ్ 8లో తెలుగు అక్షరపు ఏ బైటును 128కి తక్కువ కాదు. కావున 10, 26 అను గండములు రెండును ఉండవు.

యుటిఎఫ్ 8ను ఎన్నుకొన్నవారికిని పాత నోట్‌ప్యాడ్ ఒక చిన్న కానుక ఇచ్చెడిది. ఫైలు మొదట కంటికి కనబడని చిహ్నమొకటి, 65279 సంఖ్య గలది, చేర్చెడిది. 2019లో వచ్చిన విండోస్ 10 రూపము నుండి నోట్‌ప్యాడ్ తానుగా దానిని చేర్చుట మానినది. కాని అంతకు ముందు టైపు చేసిన ఫైళ్లన్నియు అట్లే యున్నవి. ఈ చిహ్నము ఫైలులోని మొదటి పదమునకు అంటుకొనును. మన కావ్యములు శ్రీకారముతో ఆరంభమగుట సంప్రదాయము. తత్ఫలితముగా, కావ్యాదియందలి ఆ ‘శ్రీ’ మాత్రము తక్కిన శ్రీలనుండి వేరుపడి, ఒక్కమారు మాత్రమే వచ్చిన విలక్షణ పదముగా, సంఖ్య పెద్దది గావున సూచిక చిట్టచివర చేరును. క్షకారాది పదముల ఊసు లేని చోట, హకారము ముగిసిన పిమ్మట ఒంటరిగా ‘శ్రీ’ కనబడినచో కారణమిది. ప్రతి ఫైలునకును ఒక్కొక్క పదము ఇట్లు చెడును. ఫైలు తెరచిన వెంటనే మొదటి పంక్తి తలనుండి ఆ చిహ్నమును తొలగించు ఒక్క ఆజ్ఞ చాలును.

కనబడని చిహ్నములలో ఇంకొకటి 8204. పొల్లు పొల్లుగనే నిలువవలయునని, తరువాతి హల్లు దాని క్రింద వత్తుగా చేరరాదని కోరునపుడు టైపు చేయువారు దీనిని వాడుదురు. కావ్యపాఠములలో నకారపొల్లు వచ్చు చోట్ల ఇది విస్తారము. ఒకరు వాడుదురు, మరియొకరు వాడరు. అచ్చున రెండును ఒకే తీరున కనబడు సందర్భములు కలవు. 2013లో వచ్చిన పెర్ల్ 5.18కి ముందు ఈ చిహ్నము పదమునకు వెలుపలిదిగా ఎంచబడెడిది; ఆ సంచిక నుండి పదములోనిదిగా ఎంచబడుచున్నది. అనగా ఒకే ప్రోగ్రాము, ఒకే పర్వము, రెండు కంప్యూటర్లు, పదసంఖ్యలు వేరు. పాత పెర్ల్ పదమును రెండుగా విరుచును. క్రొత్త పెర్ల్ ఒకే పదమునకు రెండు రూపములు కల్పించును. పరిశోధన గ్రంథమున పదసంఖ్య ఇచ్చువారు పెర్ల్ సంచికను గూడ పేర్కొనుట అందుచేత ఉచితము. లెక్కించుటకు ముందు 8204, 8205 సంఖ్యలు గల చిహ్నములను తొలగించుట మందు.

ఐత్వమును రెండు విధముల వ్రాయవచ్చును. 3144 అను ఒకే సంకేతముగా నొకటి. ఎత్వము 3142, దాని క్రింది గుర్తు 3158 అను జంటగా మరియొకటి. ‘కై’ అని చూపునకు ఒకటే అయినను పెర్ల్ వానిని వేరు పదములుగా నెంచును. యూనికోడు ప్రమాణము రెంటిని సమానములుగా ప్రకటించినది. ‘యూనికోడ్ నార్మలైజ్’ అను మాడ్యూలు వానిని ఏకరూపమునకు తెచ్చును.

అరసున్న, బండి ఱకారముల విషయము ఇట్టిది కాదు. ‘వాఁడు’, ‘వాడు’ అను రూపములు వేరని యంత్రము పలుకును. ఒకటేనని తీర్మానించు హక్కు సంపాదకునిది. ఒక ప్రతిలో అరసున్నలుండి మరియొక ప్రతిలో లేనపుడు వానిని పోల్చుటకు అరసున్నను విడిచిన రూపమును కేవలము లెక్కకై వేరుగా ఉంచుకొని, పాఠమున దానిని కదలింపకుండుట నా మతమున యుక్తము. పాఠమునే శుభ్రపరచెదమని పూనుకొన్నవారు పాఠభేదములను తుడిచివైచినవారగుదురు. పెర్ల్‌లో ఒక్క పంక్తితో వేయి అరసున్నలను మాయము చేయవచ్చును. మరల తెచ్చు పంక్తి లేదు.

విండోస్‌కు ప్రత్యేకమైన దోషములలో మిక్కిలి కపటమైనది ఫైళ్ల పేర్లది. హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి 1990ల దశకమున అంతర్జాలమున తెలుగువారికి ఆధారమైనది. ఆ పద్ధతిలో టైపు చేసిన పాఠములు నేటికిని కలవు. అందు ఆంగ్లపు చిన్నబడి ‘టి’ తకారమునకు, పెద్దబడి ‘టి’ టకారమునకు గుర్తు. చిన్న ‘డి’ దకారము, పెద్ద ‘డి’ డకారము. చిన్న ‘ఎన్’ నకారము, పెద్ద ‘ఎన్’ ణకారము. పెర్ల్‌కు చిన్నబడి, పెద్దబడి వేరు. విండోస్‌కు ఫైళ్ల పేర్లలో అవి ఒకటే. నిఘంటువు పదములను మొదటి అక్షరమును బట్టి వేరు వేరు ఫైళ్లలో నింపు ప్రోగ్రామును లినక్సుపై నడిపినచో తకారాది, టకారాది ఫైళ్లు రెండు వచ్చును. దానినే విండోస్‌పై నడిపినచో ఒకటే వచ్చును. చేర్పు రీతిని తెరచినచో ‘తల’, ‘టంకము’ ఒకే ఇంట కాపురముండును. క్రొత్తగా వ్రాయు రీతిని తెరచినచో రెండవది మొదటిదానిని తుడిచి కూర్చుండును. ఏ హెచ్చరికయు రాదు. ఫైళ్లకు అక్షరముల పేర్లు పెట్టక 01, 02 అని సంఖ్యలు పెట్టుటయే క్షేమము.

అట్లని ఫైళ్లకు తెలుగు లిపిలో పేరు పెట్టుటయు నేటికి శ్రేయస్కరము కాదు. పెర్ల్ ఫైళ్ల పేర్లను విండోస్ యొక్క పాత సంకేతపట్టికల ద్వారా పంపును. తెలుగునకు అట్టి పట్టికను విండోస్ ఎన్నడును ఏర్పరుపలేదు. కనుక ఫోల్డరులోని తెలుగు పేర్లు పెర్ల్‌కు ప్రశ్నార్థకముల వరుసగా కనబడి, తెరువబోయినచో అట్టి ఫైలు లేదని వచ్చును. ‘విన్ 32 లాంగ్‌పాత్’ వంటి మాడ్యూళ్లు దీనికై కలవు. ఆంగ్ల లిపిలో పేరు పెట్టుట వానికంటె తేలిక.

తెరపై ఫలితము చూచి తీర్పు చెప్పరాదు. కమాండ్ ప్రాంప్టునకు యుటిఎఫ్ 8 అలవరచుటకు 65001 అను సంకేతపట్టికకు మార్చవలయును. మార్చినను అచ్చట గుణింతములు, వత్తులు సరిగా కూర్చుండక డబ్బాలు కనబడుట కలదు. లోపల పాఠము సరిగనే ఉండవచ్చును. ఫలితమును ఫైలులోనికి వ్రాయించి నోట్‌ప్యాడ్‌లో తెరచి చూడవలయును. ఎక్సెల్‌లో తెరచుటకు సిద్ధపరచు పట్టికకు మాత్రము, పైన మనము తొలగించిన 65279 చిహ్నమును మొదట చేర్చియే ఇవ్వవలయును; లేకున్న ఎక్సెల్ దానిని తెలుగుగా గుర్తింపకపోవచ్చును. చదువునపుడు శత్రువు, వ్రాయునపుడు మిత్రము!

అకారాది క్రమమును గూర్చి ఒకటి రెండు మాటలు. పెర్ల్ యొక్క సహజక్రమము సంకేతసంఖ్యల క్రమము. అందు ఱకారము రేఫము వెంటనే, ళకారము లకారము వెంటనే వచ్చును. క్షకారము కకారమున కలిసిపోవును. మన వర్ణమాలలో ఱకారమును చివర చదువుట చాలమందికి అలవాటు. ‘యూనికోడ్ కొలేట్ లొకేల్’ అను మాడ్యూలున తెలుగు కలదు. అయినను ఒక ప్రాచీన నిఘంటువు క్రమమునే అనుసరింపదలచువారు తమ క్రమమును తామే పట్టికగా వ్రాసికొనవలయును.

ఛందఃపరిశోధకులకు అక్షరవిభజనము ప్రాణము. పెర్ల్‌లో పెద్దబడి ‘ఎక్స్’తో కూడిన గుర్తు ఒక అక్షరమును పట్టునని పుస్తకములు చెప్పును. కాని ‘క్క’ను అది చిరకాలము ‘క్’, ‘క’ అని రెండుగా విరిచినది. సంయుక్తాక్షరమును ఒకటిగా నెంచు నియమమును యూనికోడు వారు 2023లో 15.1 సంచికయందు చేర్చిరి. దానికి పూర్వపు పట్టికలు గల పెర్ల్‌పై గురులఘువులను లెక్కించినచో గణములన్నియు తారుమారగును. హల్లు, పొల్లు అను జంటలు ఎన్నియైనను, వాని వెంట ఒక హల్లు, దానికి గుణింతము, బిందువో విసర్గయో ఉన్నచో అదియు కలిపి ఒక అక్షరమని మనమే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా వ్రాసికొనుట అన్ని సంచికలకు పనికివచ్చును. నకారపొల్లునకు 2021లో 3165 అను ప్రత్యేక సంకేతము వచ్చినదని శాసనపాఠములు ఎక్కించువారు గుర్తింపవలయును. పాత పెర్ల్ దానిని తెలుగు అక్షరముగా ఎఱుగదు.

ప్రోగ్రామును పర్వమంతటిపై నడుపుటకు ముందు పది పద్యముల చిన్న ఫైలుపై నడిపి, అవే పద్యములను చేతితో చీటీలపై లెక్కించి, రెండు లెక్కలు పోల్చి చూడవలయును. ఆ పది పద్యములను ఏరునపుడు మొదటిది శ్రీకారముతో ఆరంభము కావలయును; పంక్తుల నడుమ ‘ఊ’తో మొదలగు పదములు, చకారములు, ఐత్వములు, నకారపొల్లు, అరసున్న ఉండవలయును; తకార టకారములతో మొదలగు పదములు రెండును ఉండవలయును. ఫైలును పాత నోట్‌ప్యాడ్ గల కంప్యూటరుపై ఒకమారు, క్రొత్తదానిపై ఒకమారు భద్రపరచి, రెంటిపై ప్రోగ్రామును నడిపించినచో లెక్కలు ఒకటిగనే రావలయును. రాని పక్షమున ఏ పదములందు భేదము వచ్చినదో ఆ పదములే కారణమును పట్టి ఇచ్చును.